శౌచము: గడప దాటవలసిన ధర్మము

శౌచమనగానే మనకు స్నానము, ఉదికిన వస్త్రము, అలికి ముగ్గుపెట్టిన వాకిలి స్ఫురించును. ఇవన్నియు మంచివే. తెల్లవారకమున్నే లేచి వాకిలి ఊడ్చి కల్లాపి చల్లెడి గృహిణి ఏ గ్రంథమును చదువకయే ఒక గొప్ప ధర్మము నాచరించుచున్నది. పతంజలి మహర్షి యోగసూత్రములలో ఐదు నియమములను చెప్పుచు శౌచమును మొదట నిలిపెను. భగవద్గీతలో అది 13వ అధ్యాయమున జ్ఞానలక్షణములలో నొకటిగాను, 16వ అధ్యాయమున దైవీసంపదలో భాగముగాను, 17వ అధ్యాయమున శారీరక తపస్సుగాను పేర్కొనబడినది. జ్ఞానము, సద్గుణసంపద, తపస్సు అను ఈ మూడింటితోను ముడిపడిన శౌచము కేవలము నీటితోను చీపురుతోను ముగిసిపోవు విషయము కాదని దీనివలన తెలియుచున్నది.

కాని సాధకుడు తన్ను తాను ప్రశ్నించుకొనవలసిన విషయమొకటి కలదు. మనము ఊడ్చిన చెత్త ఎచటికి పోయినది? ఇల్లు కడిగిన నీరు ఏ త్రోవను ప్రవహించినది? గడపకు ఈవల నున్నదానిని ఆవలకు త్రోయుటయే శౌచమైనచో, అది మాలిన్యమును పోగొట్టుట కాదు. దానిని పొరుగువానికి అప్పగించుట మాత్రమే. పొరుగువాడును అట్లే చేయును. ఇట్లు ప్రతి గృహము శుచిగా నుండి వీధి అశుచియగును. ప్రతి వీధియు తన మురుగును దిగువకు పంపగా ఏరు విషమగును. ఆ ఏటినీరే మరల రోగరూపమున మన గడప త్రొక్కును. కావున గడపవద్ద ఆగిపోయిన శౌచము పరిపూర్ణమైన శౌచము కాదు. ఈ సత్యమును ఒక నగరపు చరిత్ర మనకు మిక్కిలి స్పష్టముగా బోధించుచున్నది. ఆ నగరము గుజరాతు రాష్ట్రమందలి సూరతు.

సూరతు నగరము, దాని శివారు గ్రామము

సూరతు తపతీనదీతీరమున, సముద్రమునకు సమీపమున వెలసిన ప్రాచీనమైన రేవుపట్టణము. మొగలు చక్రవర్తుల కాలమున హజ్ యాత్రికులు ఇచటనుండి ఓడలెక్కెడివారు. ఆంగ్లేయ వర్తకులు 17వ శతాబ్ది ఆరంభముననే ఇచట తమ వర్తకస్థానము నేర్పరచుకొనిరి. నేడు ఈ నగరము రెండు పనులకు ప్రసిద్ధము: ఒకటి వజ్రములకు సానపట్టుట, రెండవది కృత్రిమపు దారముతో వస్త్రములు నేసి, వానికి అద్దకము వేయుట. మన యిండ్ల శుభకార్యములలో పెట్టుపోతలకు వాడెడి చీరలలో ఎన్నియో సూరతు మరమగ్గములపై నేసినవే.

ఆ మగ్గములతో తెలుగువారికి దగ్గరి సంబంధము కలదు. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతముల నుండి పద్మశాలి కుటుంబములు అనేకము బ్రతుకుతెరువు వెదకికొనుచు అచటికి పోయి, లింబాయత్, ఉధ్నా మొదలైన పేటలలో స్థిరపడినవి. అచటి నగరపాలక సంస్థ నడుపు బడులలో గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా బడులతోపాటు తెలుగు బడులును ఉండుట వారి సంఖ్యకు నిదర్శనము. కావున సూరతు కథ మనకు పరాయికథ కాదు.

నగరమునకు దక్షిణమున, నవసారికి పోవు రహదారిపై, భేస్తాన్, సచిన్ అను ఊళ్లకు నడుమ ఉన్ అను ఊరు కలదు. ఒకప్పుడది పొలముల నడుమ నున్న పల్లె. దాని చుట్టుప్రక్కల పాండేసరా, సచిన్ పారిశ్రామికవాడలు పెరిగినవి. దేశము నలుమూలల నుండి పనివారు వచ్చిరి. 1991 జనాభా లెక్కలలో సుమారు 15 లక్షలుగా నున్న సూరతు జనసంఖ్య 2011 నాటికి 44 లక్షలు దాటినది. 2006లో నగరపు ఎల్లలను సుమారు 112 చదరపు కిలోమీటర్ల నుండి 326 చదరపు కిలోమీటర్లకు పెంచినపుడు, ఉన్ వంటి శివారు గ్రామములు నగరములో కలిసినవి.

పల్లె పట్టణముగా మారునపుడు జరుగు ఒక సూక్ష్మమైన మార్పును మనము గమనింపవలెను. పల్లెలో పేడ పెంటకుప్పకు చేరి, మరుసటి యేట పొలమునకు ఎరువగును. బియ్యము కడిగిన నీరు పశువుల కుడితితొట్టిలో పడును. విస్తరాకు మట్టిలో కలిసిపోవును. అచట 'పారవేయుట' యనగా భూమాతకు తిరిగి ఇచ్చుటయే. అదే మనుష్యుడు, అదే అలవాటుతో, పట్టణపు ఇరుకుసందులోనికి వచ్చును. అచట ఎరువుగా మార్చుకొను పొలము లేదు, కుడితి త్రాగు పశువు లేదు. చేతిలోనిది విస్తరాకు కాదు, ఏండ్లు గడచినను కుళ్లని ప్లాస్టిక్ సంచి. అలవాటు మాత్రము మారలేదు. పల్లెలో నిర్దోషమైన చేష్ట పట్టణమున దోషమైనది. జనులు ముందుగా వచ్చుదురు. నీటిగొట్టము, మురుగుకాలువ, చెత్తబండి ఎన్నియో యేండ్లకు గాని రావు. ఆ నడిమికాలమున ఊరి ఆరోగ్యము పూర్తిగా జనుల నడవడిమీదను, వారిని పాలించువారి నడవడిమీదను ఆధారపడియుండును. ఇది ఉన్ గ్రామమునకే గాదు, మన విజయవాడ, వరంగల్లు, విశాఖపట్టణముల శివారులన్నిటికిని వర్తించును.

1994వ సంవత్సరపు గుణపాఠము

1994 సెప్టెంబరు మాసమున సూరతునందు ప్లేగు వ్యాధి ప్రబలినది. మనదేశమున 1966 తరువాత ప్లేగు కానరాలేదు. ఆ వ్యాధిపేరు వృద్ధుల జ్ఞాపకములలో మాత్రమే మిగిలినది. ఆ యేడు వర్షములు మెండుగా కురిసినవి. పల్లపు ప్రాంతములు నీట మునిగినవి. నీరు తీసిన తరువాత బురద, కుళ్లిన చెత్త, చచ్చిన జంతువుల కళేబరములు వీధులలో మిగిలినవి. అంతకుముందే నగరమున చెత్తకుప్పలు మేటలు వేసియుండెను, మురుగునీరు నిలిచియుండెను, ఎలుకలు విచ్చలవిడిగా పెరిగియుండెను. మరమగ్గముల పనివారు ఒకే గదిలో పదిమంది చొప్పున, వంతులవారీగా నిద్రించుచుండిరి.

ప్లేగు క్రిమిని 1894లో అలెగ్జాండర్ యెర్సిన్ అను వైద్యుడు హాంకాంగు నగరమున కనుగొనెను. సూరతులో వ్యాధి పుట్టునాటికి సరిగా నూరేండ్లు. ఎలుకలపై నుండెడి మిన్నులు ఆ క్రిమిని మోయునని 1898లో పాల్ లూయీ సీమొండ్ అను మరియొక వైద్యుడు మనదేశమున పరిశోధించి తెలిపెను. క్రిమి ఊపిరితిత్తులలో చేరినచో, ఇక ఎలుక అక్కరలేదు. రోగి దగ్గుతుంపరల ద్వారా మనుష్యుని నుండి మనుష్యునకు వ్యాధి సోకును. సూరతులో కనిపించినది ఈ రెండవ విధమైనదే. అది నిజముగా ప్లేగేనా యని అప్పట్లో కొందరు సందేహించిరి. పిదప హైదరాబాదునందలి సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ కేంద్రపు శాస్త్రజ్ఞులు ఆ క్రిములను పరీక్షించి, అవి ప్లేగు క్రిములేయని 2000లో ప్రకటించిరి.

మృతులు సుమారు ఏబదిమంది. కాని భయము చేసిన చేటు ఇంకను పెద్దది. కొద్దిదినములలోనే లక్షలకొలది జనులు దొరికిన బండి, దొరికిన రైలు ఎక్కి నగరమును విడిచిపోయిరి. మగ్గములు ఆగిపోయినవి. కొన్ని విదేశములు మనదేశమునకు విమానములను నిలిపివేసినవి. మందులంగళ్లలో టెట్రాసైక్లిన్ మాత్రలు దొరకుట దుర్లభమైనది. పారిపోయినవారిలో ధనికులు గలరు, విద్యావంతులు గలరు, కొందరు వైద్యులును గలరు. పారిశుద్ధ్యపు పనివారు మాత్రము వీధులలో నిలిచి చెత్తనెత్తిరి. సమాజము ఎవరిని తక్కువగా చూచినదో, వారే ఆ దినములలో నగరమునకు రక్షకులైరి.

ఈ కష్టమునకు కారణము దైవమా, వర్షమా, ఎలుకయా? వర్షము తన ధర్మము తాను నెరవేర్చినది. ఎలుక తనకు ఆహారము దొరకినచోట పెరిగినది. ఆ ఆహారమును వీధిలో పరచినది మనుష్యుడు. ఒకడు పారవేసిన అరటితొక్కతో ప్లేగు రాదు. లక్షలమంది ఏండ్లతరబడి 'నేనొక్కడను పారవేసిన నేమగును?' అని తలంచుటవలన వచ్చును. తిలాపాపం తలా పిడికెడు అని మన పెద్దలు చెప్పిన సామెతకు ఇంతకంటె దృష్టాంతము లేదు.

అదే నగరము, అదే జనులు

1995 మే మాసమున సూరతు నగరపాలక సంస్థకు కమిషనరుగా సూర్యదేవర రామచంద్రరావుగారు వచ్చిరి. ఆయన చేసిన పనిలో అద్భుతమైన యంత్రమేదియు లేదు. నగరమును ఆరు మండలములుగా విభజించి, ప్రతి మండలపు అధికారికి కమిషనరుతో సమానమైన నిర్ణయాధికారము నిచ్చిరి. అధికారులందరును ప్రతిదినము కొన్ని గంటలపాటు కార్యాలయమును వీడి వీధులలో తిరిగి చూడవలెనని నియమము పెట్టిరి. ఆయనయు స్వయముగా తెల్లవారుజామున వీధులు తిరిగెను. పెద్దవీధులను రాత్రివేళ ఊడ్పించు పద్ధతి ప్రారంభమైనది. హోటళ్లను తనిఖీ చేసిరి. వీధిలో చెత్త వేసినవారికి జరిమానాలు విధించిరి. పేదల వాడలలో కాలువలు, నడకదారులు, మరుగుదొడ్లు కట్టించిరి.

ఒక విషయము ముఖ్యముగా గమనింపదగినది. రహదారుల నాక్రమించిన అక్రమకట్టడములను తొలగించునపుడు ఆయన పేదవాని గుడిసెతో మొదలిడలేదు. ధనవంతుల కట్టడములతో మొదలిడెను. దానివలన జనులకు ఒక విశ్వాసము కలిగినది. నియమము అందరికి ఒక్కటేయని తెలిసినపుడు సామాన్యుడు దానిని సంతోషముతో పాటించును. బలవంతుని విడిచి బలహీనునిపై మోపిన నియమమును ఎవ్వరును గౌరవింపరు. శౌచము కూడ న్యాయముపైననే నిలుచును.

ఫలితము త్వరలోనే కనబడినది. అంతకుముందు దినమునకు పోగగు చెత్తలో సుమారు సగము మాత్రమే తొలగింపబడుచుండగా, ఇప్పుడది తొంబదిపాళ్లు మించినది. 1996లో ఇన్‌టాక్ అను సంస్థ సూరతును దేశమున చండీగఢము తరువాత రెండవ పరిశుభ్ర నగరముగా పేర్కొన్నది. రెండేండ్లకు ముందు ప్రపంచము భయపడి పారిపోయిన నగరమది. నది మారలేదు, వర్షము మారలేదు, జనులు మారలేదు. వారి నడవడి మారినది. మనుష్యుని నడవడి చుట్టునున్న ప్రకృతిని పాడుచేయగలదు, బాగుచేయగలదు అనుటకు ఇంతకంటె ప్రత్యక్షప్రమాణము అవసరము లేదు.

ఒక అధికారి బదిలీయై పోవును. ఆయన పోయినతోడనే పాతస్థితి వచ్చియుండవచ్చును. సూరతులో అట్లు జరుగలేదు. 1997 తరువాతను ఆ పద్ధతులు కొనసాగినవి. 2023వ సంవత్సరపు స్వచ్ఛ సర్వేక్షణమున సూరతు ఇండోరుతో సమముగా ప్రథమస్థానము పొందినది. జరిమానా భయముతో మొదలైనది క్రమముగా అలవాటైనది. అలవాటు ఊరికి అభిమానమైనది. యమనియమములు కూడ ఇట్లే సాగునని సాధకు లెరుగుదురు. మొదట కష్టపడి పాటింతుము. పిదప అవియే మనలను పట్టి నడిపించును.

ఉపదేశము కంటె చీపురు

1899లో కలకత్తా నగరమున ప్లేగు వ్యాపించినది. ఆ సమయమున సోదరి నివేదిత, స్వామి సదానందుల నాయకత్వమున సహాయకార్యము నడచినది. ఊడ్చువారు చాలకపోగా, నివేదిత స్వయముగా చీపురు పట్టి బాగ్‌బజారు సందులను శుభ్రపరుపసాగెను. అది చూచి అచటి యువకులు సిగ్గుపడి తామును చీపుళ్లు పట్టిరి. పరదేశమున పుట్టిన స్త్రీ తమ వీధి ఊడ్చుచుండగా అరుగుపై కూర్చుండి చూచుట వారికి సాధ్యము కాలేదు.

ఈ సంఘటనలోను సూరతు కథలోను ఒకే రహస్యము కలదు. పెద్దవారనబడువారు వీధిలోనికి దిగిననాడు పని మొదలైనది. మాలిన్యమును ముట్టుకొనుట అవమానమని తలంచు సమాజము మాలిన్యములోనే జీవించును. చెత్తనెత్తువానిని అంటరానివానిగా చూచి చెత్త వేయువానిని గౌరవించుట మన సమాజపు పెద్ద విపర్యయము. నిజముగా విచారించినచో, అశుచి చెత్తవేసిన చేతిదే గాని ఎత్తిన చేతిది కాదు.

కంటికి కానరాని మాలిన్యము

వీధిలోని చెత్త కంటికి కనబడును. కావున దానిని తొలగించుట సులభము. కంటికి కానరానిచోట విడుచు మాలిన్యము మరింత ప్రమాదకరము. సూరతు దక్షిణభాగమున అనేకములైన పాయలు ప్రవహించుచున్నవి. గుజరాతీలో వీనిని ఖాడీలందురు. అందులో లింబాయత్ ప్రాంతమున పారు ఒక ఖాడీ పేరు మీఠీఖాడీ. మీఠీ యనగా తీయనిది. ఏ కాలమునందో ఆ నీటిని చూచి జనులు ప్రేమతో పెట్టిన పేరది. నగరము పెరిగినకొలది ఆ ఖాడీలలో మురుగు కలిసినది; చెత్తయు పూడికయు చేరినవి; ఒడ్డులవరకు ఇండ్లు లేచినవి. పెద్దవర్షము కురిసినపుడు, ఇరుకైన ఖాడీలో పట్టని నీరు తెలుగు నేతగాండ్రును నివసించు ఆ పేటలలో చొచ్చుచున్నది. పేరు తీయనిది, నీరు చేదు. నీటిని చేదుచేసినది కాలము కాదు, మన చేతలే.

ఇక 2022వ సంవత్సరము జనవరి 6వ తేదీన జరిగిన విషాదము. ఉన్ ఊరికి అనతిదూరమున సచిన్ పారిశ్రామికవాడ కలదు. తెల్లవారుజామున, ఊరు నిద్రించువేళ, ఒక ట్యాంకరు బండిలో తెచ్చిన రసాయనపు వ్యర్థమును దొంగచాటుగా కాలువలోనికి విడిచిరి. దానివలన విషవాయువు పుట్టినది. ప్రక్కనే యున్న అద్దకపు మిల్లులో పనిచేయుచున్నవారు, ఆ సమీపమున నున్నవారు ఊపిరాడక పడిపోయిరి. ఆరుగురు మరణించిరి. ఇరువదిమందికి పైగా ఆసుపత్రి పాలైరి. వారు రాత్రిపనికి వచ్చిన కూలీలు. ఆ వ్యర్థముతో వారికే సంబంధమును లేదు.

ఈ పాపము ఎవరిది? ట్యాంకరు చీల త్రిప్పిన చేయి ఒకటే. కాని దాని వెనుక ఎన్ని చేతులు గలవో విచారింపుడు. శుద్ధిచేయుటకగు ఖర్చు మిగుల్చుకొనగోరిన యజమాని గలడు. ఆ వ్యర్థమును తక్కువధరకు 'మాయముచేయుటకు' ఒప్పుకొనిన దళారి గలడు. తన కూలి తనకు దక్కిన చాలుననుకొనిన బండివాడు గలడు. ఇదివరలో ఇట్టివి చూచియు చూడనట్లున్నవారు గలరు. ప్రతివానికిని ఒక సాకు కలదు. ప్రతివాడును తన భాగము స్వల్పమేయనును. ఆ స్వల్పములన్నియు కలిసి ఆరు ప్రాణములను బలిగొన్నవి.

నీటిలో మలమూత్రములను, ఉమ్మిని, అశుచియైన వస్తువులను, విషమును విడువరాదని మనుస్మృతి 4వ అధ్యాయమున ఒక నియమము కలదు. రసాయనములు, మిల్లులు లేని కాలమున పూర్వులు విషమును ప్రత్యేకముగా పేర్కొనుట గమనింపదగినది. వారికి సూక్ష్మక్రిములు తెలియకపోవచ్చును. కాని నీరు ఒక్కరిది కాదని తెలియును. ఎగువవాడు విడిచినది దిగువవాడు త్రాగునని తెలియును. మనకు శాస్త్రము తెలియును, యంత్రము తెలియును; ఆ చిన్నసత్యము మాత్రము తెల్లవారుజామున చీకటిలో మరచిపోవుచున్నాము. ఎవరును చూడని చోటనే ధర్మమునకు పరీక్ష. అంతశ్శౌచము లేనిదే బాహ్యశౌచము నిలువదని పెద్దలు చెప్పుటలోని అర్థమిదియే. లోభము మనస్సులోని మురుగు. అది ముందు హృదయమున నిండి, పిదపనే కాలువలోనికి దిగును.

తీసికొనినది తిరిగి ఇచ్చుట

భగవద్గీత 3వ అధ్యాయమున యజ్ఞచక్రము వర్ణింపబడినది. ప్రకృతినుండి తీసికొని, తిరిగి ఏమియు ఇయ్యక అనుభవించువానిని గీత చోరునిగా భావించినది. యజ్ఞమనగా అగ్నిలో నేయి పోయుట మాత్రమే యనుకొనువారికి ఇది వింతగా తోచవచ్చును. తీసికొనినదానిని శుద్ధిచేసి తిరిగి ఇచ్చుటయే దాని తత్త్వము.

దీనికిని సూరతులోనే ఒక దృష్టాంతము కలదు. అద్దకపు మిల్లులకు నీరు విస్తారముగా కావలెను. 2014లో నగరపాలక సంస్థ బమ్రోలీ అనుచోట, శుద్ధిచేసిన మురుగునీటిని మరల సూక్ష్మముగా వడపోసి, దినమునకు 4 కోట్ల లీటర్లు పాండేసరా పారిశ్రామికవాడకు అమ్ముటకు ఏర్పాటు చేసినది. ఇండ్లలో వాడి విడిచిన నీరే మరల మిల్లులకు పనికివచ్చుచున్నది. మిల్లులు వాడుకొను ఆ నీటిమేరకు నదిలోని మంచినీరు జనుల త్రాగుటకు మిగులుచున్నది. సంస్థకు ఆదాయము వచ్చుచున్నది. కొద్దిమైళ్ల దూరములోనే ఒక చేయి నీటిని విషము చేసినది. మరియొక చేయి మురుగును నీరు చేసినది. రెండును మానవహస్తములే. యంత్రములు రెండువైపులను గలవు. భేదము సంకల్పములోనే కలదు.

ఒక ఆక్షేపణ

'ఇవన్నియు ప్రభుత్వము, మిల్లుయజమానులు చూడవలసిన విషయములు. సామాన్యునికి నీతులు చెప్పి ప్రయోజనమేమి?' అని కొందరు అడుగవచ్చును. ఈ ఆక్షేపణలో సగము సత్యము కలదు. మరుగుదొడ్డి లేని అద్దెగదిలో పదిమందితో కాపురముండు కూలివానికి శౌచముపై ఉపన్యసించుట దయలేని పని. అతనికి ముందుగా కావలసినది నీరు, కాలువ, దొడ్డి. వానిని కల్పించుట గదుల అద్దె పుచ్చుకొనువారి ధర్మము, పన్ను పుచ్చుకొనువారి ధర్మము. నడవడి యనగా పేదవాని నడవడి మాత్రమే కాదు. ఎవనికి ఎంత శక్తి కలదో, అతని నడవడి అంత దూరము ప్రసరించును. ఒక కూలివాడు పారవేసిన కాగితము ఒక వీధిని చెరచును. ఒక యజమాని తెరపించిన చీల ఒక ఏటిని చెరచును. కావున బాధ్యతయు శక్తిననుసరించియే యుండవలెను.

అయినను మిగిలిన సగము మనదే. తడిచెత్తను, పొడిచెత్తను వేరుచేయుట అధికారి మన వంటయింటికి వచ్చి చేయలేడు. నిండిన కాలువలో మరియొక సంచి పడవేయకుండ చేయి నాపుకొనుట చట్టము చేయజాలదు. చౌకగా వచ్చిన చీరను కొనునపుడు, ఆ చౌకలో ఏ ఏటి శుద్ధత తరుగు పడినదోయని ఒక్కసారి ఆలోచించుట మనమే చేయవలెను. గుంటూరులో చీర కట్టుకొనిన ఇల్లాలికిని, సచిన్‌లో రాత్రిపని చేయు కూలివానికిని నడుమ ఒక దారము కలదు. పడుగు, పేక వేరువేరుగా కనబడినను బట్ట ఒక్కటే. ఒక పోగు తెగినచో మంచి నేతగాడు వెంటనే మగ్గమాపి ముడివేయును. ఒక్క పోగేకదా యని విడిచినచో బట్టయంతయు చెడునని అతనికి తెలియును. ఊరును అట్టి బట్టయే.

సాధకుని నిత్యాచరణము

ఈ పాఠమును చదివి ఊరుకొనినచో ఫలము స్వల్పము. శౌచమును గడప దాటింపగోరువారు ఈ మూడు నియమములను ఒక మాసమైన పాటించి చూడవచ్చును.

మొదటిది విచారణ. మన యింటినుండి వెడలు ప్రతి వస్తువు, ప్రతి కడివెడు నీరు చివరకు ఎచటికి చేరుచున్నదో స్వయముగా పోయి చూడవలెను. చెత్తబండి వెంట ఒక దినము, కాలువ వెంట ఒక దినము నడచిన చాలును. తెలిసిన పిమ్మట చేయి తనంతట తానే వెనుకాడును. 'పారవేయుటకు' లోకమున వేరుచోటు లేదని, అన్నియు ఎవరో ఒకరి వాకిలియేయని అపుడు బోధపడును.

రెండవది పరిమితి. పతంజలి శౌచము తరువాత సంతోషమును నిలిపెను. ఉన్నదానితో తృప్తిపడువాడు తక్కువ వాడును, తక్కువ పారవేయును. కోరికలు పెంచుకొనుచు చెత్తకుండీలు పెంచుకొనుట అంతులేని పని. చేతిసంచితో అంగడికి పోవుట, చినిగినదానిని కుట్టుకొనుట, వండినదానిని పారవేయకుండుట మన తాతలనాటి సహజజీవనమే; అది క్రొత్తగా నేర్చుకొనవలసిన విద్య కాదు.

మూడవది సేవ. వారమున ఒక గంట తన గడపకు ఆవల, తనది కానిచోట పనిచేయవలెను. వీధిమూల కావచ్చును, పాఠశాల ఆవరణ కావచ్చును, ఊరిచెరువు గట్టు కావచ్చును. ఒంటరిగా మొదలిడినను ఫరవాలేదు. చెత్తనెత్తువారిని పేరుపెట్టి గౌరవముతో పలుకరించుటయు ఈ సేవలో భాగమే. అన్యాయముగా ఏటిలో విషము విడుచువారిని చూచినచో అధికారులకు తెలుపుటయు సేవయే. చూచి యూరకుండుట అందులో వంతు పంచుకొనుటయగును.

ఇల్లు అలుకగానే పండుగ కాదు. సూరతు ఇంకను తన ఖాడీలను శుద్ధిచేసికొనవలసియున్నది. ఉన్ వంటి శివారులు ఇంకను పెరుగుచున్నవి. మన ఊళ్ల శివారులును అట్లే పెరుగుచున్నవి. ఒక్కసారి శుభ్రపరచిన ఊరు, ఒక్కసారి స్నానము చేసిన దేహమువంటిదే. మరునాడు మరల చేయవలెను. అందుచేతనే పెద్దలు శౌచమును వ్రతముగా గాక నియమముగా చెప్పిరి. రేపు ఉదయము వాకిలి ఊడ్చునపుడు, చీపురును గడపకు ఆవల మరి నాలుగడుగుల దూరము పోనిండు. పొరుగువాని వాకిలియు మన వాకిలియేయని తోచుటతో శౌచము సాధనయగును. అందరి వాకిళ్లును ఈశ్వరుని వాకిలియేయని తెలిసిననాడు అది సిద్ధించును.